వృత్త సమీకరణంలో కేంద్రం గుర్తులు ఎందుకు తారుమారవుతాయి?

తొలిమెట్టు

సభ్యులందరికీ నమస్కారం. నిరూపక రేఖాగణితాన్ని సొంతంగా చదువుకుంటున్నాను. సరళరేఖల అధ్యాయం ముగించి వృత్తాలలోకి వచ్చాను. కేంద్రం (హెచ్, కె), వ్యాసార్ధం ఆర్ అయితే వృత్త సమీకరణం (ఎక్స్ − హెచ్)² + (వై − కె)² = ఆర్² అవుతుందని కంఠతా వచ్చు. ఇచ్చిన విలువలను అందులో పెట్టి లెక్క తేల్చగలను. అయినా విషయం తలకెక్కిందని చెప్పలేను.

నా సందేహాలు రెండు. కేంద్రం (3, −2) అయినప్పుడు సమీకరణంలో ఎక్స్ − 3 అనీ, వై + 2 అనీ వస్తుంది. ధనాత్మకమైనది ఋణాత్మకంగానూ, ఋణాత్మకమైనది ధనాత్మకంగానూ ఎందుకు కనిపిస్తోంది? రెండవది: ఇదే వృత్తాన్ని ఎక్స్² + వై² − 6ఎక్స్ + 4వై − 12 = 0 అని ఇచ్చినప్పుడు అందులో నాకు వృత్తం జాడే కనిపించడం లేదు. సరళరేఖ సమీకరణాన్ని చూడగానే దాని వాలు కళ్ళకు కడుతుంది. వృత్తం విషయంలో అలా ఎందుకు జరగడం లేదు?

గుణకం

మీ రెండవ సందేహానికి నేరుగా వాడుకోదగిన నియమం ఉంది. సాధారణ రూపం ఎక్స్² + వై² + 2జి·ఎక్స్ + 2ఎఫ్·వై + సి = 0 అయితే కేంద్రం (−జి, −ఎఫ్), వ్యాసార్ధం √(జి² + ఎఫ్² − సి). అంటే ఎక్స్, వై గుణకాలను సగం చేసి గుర్తులు మార్చాలి. మీ ఉదాహరణలో −6లో సగం −3, గుర్తు మారిస్తే 3. 4లో సగం 2, గుర్తు మారిస్తే −2. వ్యాసార్ధం √(9 + 4 + 12) = 5. ఒక పది లెక్కలు చేస్తే ఇది చేతికి అలవాటవుతుంది. పరీక్షలో సమయం తక్కువగా ఉన్నప్పుడు ఇంతకు మించిన దారి లేదని నా అభిప్రాయం.

బిందుపథం

గుణకం గారు చెప్పిన నియమం నూటికి నూరుపాళ్ళు సరైనదే. అయితే తొలిమెట్టు గారు అడిగింది ఎలా చేయాలని కాదు, ఎందుకు అలా ఉందని. అందుకే మొదటి నుంచి మొదలుపెడతాను.

వృత్తం అంటే ఒక స్థిర బిందువు నుంచి సమాన దూరంలో ఉన్న బిందువుల సమూహం. ఈ నిర్వచనంలో ఉన్నది ఒకే ఒక్క మాట: దూరం. కాబట్టి వృత్త సమీకరణాన్ని దూరం గురించిన వాక్యంగానే చదవాలి. (ఎక్స్, వై) అనే బిందువు (3, −2) నుంచి ఎంత దూరంలో ఉందో తెలియాలంటే, ముందుగా అది కేంద్రం నుంచి అడ్డంగా ఎంత జరిగిందో, నిలువుగా ఎంత జరిగిందో చూడాలి. అడ్డంగా జరిగినది ఎక్స్ − 3. నిలువుగా జరిగినది వై − (−2), అంటే వై + 2. ఇవి రెండూ ఒక లంబకోణ త్రిభుజపు భుజాలు, కేంద్రం నుంచి బిందువుకు గీసిన రేఖాఖండం ఆ త్రిభుజపు కర్ణం. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం కర్ణం వర్గం (ఎక్స్ − 3)² + (వై + 2)² అవుతుంది. ఆ కర్ణం పొడవు 5 అయితీరాలి అనే షరతే మన సమీకరణం.

ఇప్పుడు గుర్తుల సంగతి చూడండి. ఇక్కడ ఎవరూ గుర్తు మార్చలేదు. ఒక చోటి నుంచి ఇంకొక చోటికి ఎంత జరిగామో తెలియాలంటే చేరిన చోటులోంచి బయలుదేరిన చోటును తీసివేస్తాం. మీకు కనిపిస్తున్న ఋణ గుర్తు ఆ తీసివేతది, కేంద్రానిది కాదు. ఇంకొక విధంగానూ చూడవచ్చు: కేంద్రం వద్దకే వెళ్ళి నిలబడితే జరిగినది ఏమీ ఉండదు కాబట్టి రెండు కుండలీకరణాలూ సున్నా కావాలి. ఎక్స్ − 3 సున్నా అయ్యేది 3 వద్ద, వై + 2 సున్నా అయ్యేది −2 వద్ద. సమీకరణం నుంచి కేంద్రాన్ని చదవడమంటే ఏ విలువల వద్ద ఆ కుండలీకరణాలు సున్నా అవుతాయో అడగడమే.

ఒక బిందువును పట్టుకుని పరీక్షిస్తే ఇది స్థిరపడుతుంది. (7, 1) తీసుకోండి. కేంద్రం నుంచి అడ్డంగా 4, నిలువుగా 3 జరిగాం. 16 + 9 = 25, కనుక అది వృత్తం మీద ఉంది. దానికి సరిగ్గా పైనున్న (7, 2) తీసుకుంటే అడ్డంగా 4, నిలువుగా 4. మొత్తం 32, కనుక అది వృత్తానికి వెలుపల ఉంది.

సరళరేఖతో పోలిక గురించి కూడా ఒక మాట. వై = ఎం·ఎక్స్ + సి అనే రూపం మనకు ఒక అలవాటు చేస్తుంది: ఎక్స్ ఇస్తే వై వచ్చి తీరుతుందని. వృత్త సమీకరణం అలా విలువను తయారుచేసి ఇచ్చేది కాదు, వచ్చిన బిందువును పరీక్షించేది. ఎక్స్ = 7 వద్ద (వై + 2)² = 9 కాబట్టి వై 1 కావచ్చు, −5 కావచ్చు. ఎక్స్ = 9 వద్ద (వై + 2)² = −11 కావలసి వస్తుంది, కాబట్టి అక్కడ బిందువే లేదు. ఈ తేడాను గమనించకుండా వృత్తాన్ని కూడా సరళరేఖ లాగానే చదవబోయినప్పుడు అది అపరిచితంగా కనిపిస్తుంది.

లంబరేఖ

బిందుపథం గారి వివరణకు కొనసాగింపుగా సాధారణ రూపం గురించి చెబుతాను. (ఎక్స్ − 3)² + (వై + 2)² = 25 అన్నదాన్ని విస్తరించండి. ఎక్స్² − 6ఎక్స్ + 9 + వై² + 4వై + 4 = 25 వస్తుంది. స్థిరపదాలన్నీ కలిసి −12 అవుతాయి. వృత్తం మారలేదు, దాన్ని దూరంగా చూపించే అమరిక మాత్రం కరిగిపోయింది. −6లో కేంద్రపు 3 రెట్టింపై కూర్చుంది, −12లో 9, 4, 25 మూడూ కలిసిపోయాయి.

తిరుగు ప్రయాణమే వర్గం పూర్తిచేయడం. ఎక్స్² − 6ఎక్స్ అనేది (ఎక్స్ − 3)² కావడానికి 9 తక్కువైంది. వై² + 4వై అనేది (వై + 2)² కావడానికి 4 తక్కువైంది. ఆ రెంటినీ ఇరువైపులా కలిపితే 12 + 9 + 4 = 25 కుడివైపు చేరుతుంది. గుణకం గారి నియమంలో సగం చేయడం ఎందుకో ఇప్పుడు తేటతెల్లమవుతుంది: (ఎక్స్ + జి)²ను విస్తరిస్తే మధ్య పదం 2జి·ఎక్స్ వస్తుంది కాబట్టి జి కావాలంటే గుణకాన్ని సగం చేయాలి. సాధారణ రూపంలో జి ముందు 2 అనే అంకెను చేర్చి రాయడం ఈ సగం చేసే పనిని సులువు చేయడానికే.

నియమాన్ని మాత్రమే గుర్తుపెట్టుకున్న విద్యార్థులు తరచుగా తడబడే చోటు ఒకటి ఉంది. 2ఎక్స్² + 2వై² − 12ఎక్స్ + 8వై − 24 = 0 ఇస్తే చాలామంది కేంద్రం (6, −4) అని రాస్తారు. అది కూడా మన పాత వృత్తమే, 2తో గుణించి ఇచ్చారంతే. ఎక్స్², వై² గుణకాలు 1 అయ్యేలా ముందుగా భాగించాకే నియమం వర్తిస్తుంది. వర్గం పూర్తిచేసేవారికి ఈ పొరపాటు జరగదు, ఎందుకంటే 2ఎక్స్²తో వర్గాన్ని పూర్తిచేయబోగానే చేయి ఆగుతుంది.

తొలిమెట్టు

ఇరువురికీ కృతజ్ఞతలు. తీసివేత గుర్తు కేంద్రానిది కాదన్న మాటతో నా మొదటి సందేహం పూర్తిగా తీరింది. ఇప్పుడు ఇంకొకటి: ఎక్స్², వై² ఉన్న ప్రతి సమీకరణమూ వృత్తమేనా? నా కంప్యూటర్‌లో గ్రాఫులు గీసే అప్లికేషన్‌లో మన వృత్తాన్నే గీస్తే అది గుడ్డు ఆకారంలో, పక్కలకు సాగినట్టు వచ్చింది. సమీకరణం తప్పుగా ఇచ్చానేమోనని రెండుసార్లు సరిచూశాను.

సమతలం

మీ సమీకరణం తప్పు కాదు. ఆ అప్లికేషన్ తెర వెడల్పును నింపడానికి ఎక్స్ అక్షం మీద ఒక యూనిట్‌ను, వై అక్షం మీద ఒక యూనిట్‌ను వేర్వేరు పొడవులతో చూపించి ఉంటుంది. రెండు అక్షాలకూ ఒకే స్కేలు ఉండేలా అమరిక మార్చండి, వృత్తం గుండ్రంగా వస్తుంది. ఇది చిన్న విషయంలా కనిపించినా, ఎక్స్², వై² ఉన్న ప్రతి సమీకరణమూ వృత్తమేనా అన్న మీ ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. అడ్డంగా ఒక యూనిట్, నిలువుగా ఒక యూనిట్ సమానమైన దూరాలు అయినప్పుడే రెండు వర్గాలనూ ఒకే గుణకంతో కలపగలం. అందుకే వృత్తంలో ఎక్స్², వై² గుణకాలు సమానంగా ఉండాలి. 3ఎక్స్² + 2వై² = 6 అనేది దీర్ఘవృత్తం, వృత్తం కాదు. అలాగే అక్షాలు పరస్పరం లంబంగా ఉన్నాయి కనుక దూరపు సూత్రంలో ఎక్స్, వైల లబ్ధపదం రాదు. అక్షాలు ఏటవాలుగా ఉంటే వృత్త సమీకరణంలో కూడా ఆ పదం వస్తుంది.

ఈ రెండు షరతులూ నెరవేరినా వృత్తం ఉంటుందన్న భరోసా లేదు. ఎక్స్² + వై² − 6ఎక్స్ + 4వై + 13 = 0 తీసుకోండి. వర్గాలు పూర్తిచేస్తే (ఎక్స్ − 3)² + (వై + 2)² = 0 వస్తుంది. రెండు వర్గాల మొత్తం సున్నా కావాలంటే రెండూ సున్నాలే కావాలి, కాబట్టి (3, −2) ఒక్కటే మిగులుతుంది. దీన్ని బిందు వృత్తం అంటారు. స్థిరపదం 20 అయితే కుడివైపు −7 వస్తుంది, వాస్తవ సంఖ్యలలో ఆ షరతును తీర్చే బిందువు ఒక్కటీ ఉండదు. స్థిరపదం పెరిగేకొద్దీ వృత్తం కుంచించుకుపోయి, 13 వద్ద బిందువై, ఆపైన మాయమవుతుంది. కేంద్రం మాత్రం కదలదు.

పాతపుస్తకం

చర్చ మధ్యలో ఒక చారిత్రక విషయం చెప్పాలనిపించింది. వక్రరేఖలను సమీకరణాలతో అధ్యయనం చేసే ఈ పద్ధతిని రెనే డెకార్ట్ 1637లో ప్రచురించాడు. దాదాపు అదే కాలంలో పియెర్ ద ఫెర్మా స్వతంత్రంగా ఇదే మార్గాన్ని కనుగొన్నాడు, కానీ ఆయన రచన ఆయన మరణించిన తరువాత 1679లో గాని అచ్చు కాలేదు. వృత్తం సహా శంకుచ్ఛేదాలను (శంకువును తలంతో కోస్తే వచ్చే వక్రాలను) రెండు చలరాశుల సమీకరణాలుగా ఫెర్మా అందులో చూపించాడు. మనం ఈనాడు గీసే రెండు లంబ అక్షాలు అప్పట్లో ఇదే రూపంలో లేవు. అవి తరువాతి తరాల చేతిలో స్థిరపడ్డాయి. వృత్తపు మౌలిక ధర్మాలు మాత్రం యూక్లిడ్ కాలానికే తెలుసు. సమీకరణం వచ్చాక వాటిలో కొన్నింటిని ఒక్క ప్రతిక్షేపణతో చూడడం సాధ్యమైంది, నాకు ఆశ్చర్యం కలిగించేది అదే.

తొలిమెట్టు

ప్రతిక్షేపణ అన్నారు కాబట్టి అడుగుతున్నాను. సాధనలో భాగంగా (1, 1)ని మన సమీకరణపు ఎడమవైపు ప్రతిక్షేపించాను. 1 + 1 − 6 + 4 − 12 = −12 వచ్చింది. ఋణాత్మకం అయితే బిందువు వృత్తం లోపల ఉన్నట్టు అని చదివాను. కానీ ఆ 12 అన్న సంఖ్యకు ఏమైనా అర్థం ఉందా, లేక గుర్తు మాత్రమే చూసి వదిలేయాలా?

బిందుపథం

తొలిమెట్టు గారూ, ఈ ప్రశ్న అడిగినందుకు మీకు నా ప్రత్యేక అభినందనలు. గుర్తు మాత్రమే చూసి ఆగిపోయేవారే ఎక్కువ. ఆ సంఖ్యలో చాలా విషయం ఉంది.

ఎడమవైపు ఉన్న రాశి నిజానికి (ఎక్స్ − 3)² + (వై + 2)² − 25 కదా. అంటే కేంద్రం నుంచి బిందువుకు ఉన్న దూరపు వర్గంలోంచి వ్యాసార్ధపు వర్గాన్ని తీసివేస్తే మిగిలేది. (1, 1)కి దూరపు వర్గం 4 + 9 = 13, దానిలోంచి 25 పోతే −12. దీన్ని వృత్తం దృష్ట్యా ఆ బిందువు శక్తి అంటారు. జాకోబ్ స్టైనర్ 1826లో ఈ పేరు పెట్టాడు.

ఇప్పుడు (1, 1) గుండా అడ్డంగా ఒక జ్యా గీయండి. వై = 1 పెడితే (ఎక్స్ − 3)² = 16, అంటే జ్యా కొనలు ఎక్స్ = −1, ఎక్స్ = 7 వద్ద ఉంటాయి. (1, 1) నుంచి ఆ కొనలకు దూరాలు 2, 6. వాటి లబ్ధం 12. అదే బిందువు గుండా నిలువుగా జ్యా గీయండి. ఎక్స్ = 1 పెడితే (వై + 2)² = 21, కాబట్టి కొనలు వై = −2 + √21, వై = −2 − √21 వద్ద ఉంటాయి. (1, 1) నుంచి దూరాలు √21 − 3, √21 + 3. వాటి లబ్ధం 21 − 9 = 12. ఏ వాలుతో జ్యా గీసినా ఈ లబ్ధం మారదు. వృత్తం లోపల ఖండించుకునే జ్యాల గురించి యూక్లిడ్ ‘ఎలిమెంట్స్’ మూడవ గ్రంథంలోని 35వ ప్రతిపాదన ఇదే. మీరు ఒక్క జ్యా కూడా గీయకుండానే, కేవలం ప్రతిక్షేపించి, ఆ లబ్ధాన్ని కనుక్కున్నారు.

బిందువు వెలుపల ఉంటే సంఖ్య ధనాత్మకమవుతుంది. (16, −2) తీసుకోండి: 256 + 4 − 96 − 8 − 12 = 144. కేంద్రం నుంచి ఆ బిందువుకు దూరం 13. అక్కడి నుంచి వృత్తానికి స్పర్శరేఖ గీస్తే, స్పర్శ బిందువు వద్ద వ్యాసార్ధం దానికి లంబంగా ఉంటుంది కనుక 5, 13 తెలిసిన లంబకోణ త్రిభుజం ఏర్పడి మూడవ భుజం 12 అవుతుంది. 144 అనేది ఆ స్పర్శరేఖ పొడవు వర్గం. అదే బిందువు నుంచి కేంద్రం గుండా పోయే ఛేదనరేఖ వృత్తాన్ని 8 దూరంలో ఒకసారి, 18 దూరంలో ఒకసారి తాకుతుంది. 8 × 18 కూడా 144.

గుణకం

ఈ ఉదాహరణలు ఎంతో బాగున్నాయి. స్పర్శరేఖ సమీకరణం విషయంలో మాత్రం బీజగణిత మార్గమే శ్రేయస్కరమని నేను ఇప్పటికీ అంటాను. (7, 1) వద్ద స్పర్శరేఖ కావాలంటే, ఆ బిందువు గుండా వాలు ఎం గల రేఖను రాసి, వృత్త సమీకరణంలో ప్రతిక్షేపించి, వచ్చిన వర్గ సమీకరణపు విచక్షణిని (బి² − 4ఎసి అనే రాశిని) సున్నా చేస్తే ఎం దొరుకుతుంది. ఈ పద్ధతి దీర్ఘవృత్తానికీ పరావలయానికీ కూడా పనిచేస్తుంది. వృత్తానికి మాత్రమే చెల్లే ఉపాయం నేర్చుకుని తరువాతి అధ్యాయంలో దాన్ని వదిలేయవలసి రావడం కన్నా ఇది మేలు.

లంబరేఖ

విచక్షణి పద్ధతి విస్తృతమైనదన్న మాట నిజమే, దాన్ని నేర్చుకోవద్దని నేను అనను. కానీ వృత్తానికి ఉన్న ప్రత్యేకతను వాడుకోకపోవడం వృత్తాన్ని అర్థం చేసుకోకపోవడమే అవుతుందని నా నమ్మకం. కేంద్రం నుంచి (7, 1)కు వెళ్ళాలంటే అడ్డంగా 4, నిలువుగా 3 జరగాలి. స్పర్శరేఖ ఈ దిశకు లంబంగా ఉండాలి, కాబట్టి దాని రూపం 4ఎక్స్ + 3వై = ఏదో ఒక స్థిరసంఖ్య. (7, 1) దాని మీద ఉండాలి కనుక ఆ స్థిరసంఖ్య 28 + 3 = 31. పని పూర్తయింది. కేంద్రం నుంచి ఈ రేఖకు లంబ దూరం సరిచూడండి: 4 × 3 + 3 × (−2) = 6, 31 − 6 = 25, దాన్ని √(16 + 9) = 5తో భాగిస్తే 5, అది వ్యాసార్ధమే.

పైగా ఇదే రేఖను (ఎక్స్ − 3)(7 − 3) + (వై + 2)(1 + 2) = 25 అని కూడా రాయవచ్చు. వృత్త సమీకరణంలో వర్గం రెండు కారణాంకాల లబ్ధం కదా, వాటిలో ఒకదానిలో మాత్రమే స్పర్శ బిందువును ప్రతిక్షేపించినట్టు ఇది కనిపిస్తుంది. గుణకం గారు తరువాతి అధ్యాయాల గురించి ఆందోళన పడ్డారు. ఒక కారణాంకంలో మాత్రమే ప్రతిక్షేపించే ఈ ఆకృతి శంకుచ్ఛేదాలన్నింటికీ కొనసాగుతుంది. లంబంగా ఉండడం ఒక్కటే వృత్తానికి ప్రత్యేకం.

గుణకం

శంకుచ్ఛేదాలన్నింటికీ కొనసాగుతుందన్న మాటను అంగీకరిస్తున్నాను. ఇచ్చిన బిందువు వృత్తం మీద ఉన్నప్పుడు మీ దారే దగ్గర. వాలు మాత్రమే ఇచ్చినప్పుడు కూడా లంబ దూరం వాడితే త్వరగా తేలుతుంది: 4ఎక్స్ + 3వై = కె అనే రేఖ వృత్తాన్ని తాకాలంటే 6కు, కెకు మధ్య తేడా 25 కావాలి, అంటే కె 31 గాని −19 గాని అవుతుంది.

తొలిమెట్టు

మూడు బిందువులు ఇచ్చి వాటి గుండా పోయే వృత్తాన్ని కనుక్కోమన్న లెక్కలు వచ్చాయి. జి, ఎఫ్, సి అనే మూడు తెలియని సంఖ్యలకు మూడు సమీకరణాలు రాసి సాధిస్తున్నాను. ఇందులోనూ దూరపు అర్థం ఉందా?

లంబరేఖ

ఉంది. కేంద్రం మూడు బిందువులకూ సమాన దూరంలో ఉండాలి, కనుక అది ప్రతి జంట బిందువుల లంబ సమద్విఖండన రేఖ మీదా ఉండాలి. (−1, 1), (7, 1), (6, 2) ఇచ్చారనుకోండి. మొదటి రెండు బిందువులూ ఒకే ఎత్తులో ఉన్నాయి, వాటి లంబ సమద్విఖండన రేఖ ఎక్స్ = 3. చివరి రెండింటి మధ్యబిందువు (6.5, 1.5), వాటిని కలిపే రేఖ వాలు −1, కనుక లంబ సమద్విఖండన రేఖ వాలు 1, సమీకరణం వై = ఎక్స్ − 5. ఈ రెండు రేఖలూ (3, −2) వద్ద కలుస్తాయి. ఇది మళ్ళీ మన వృత్తమే. మూడు బిందువులూ ఒకే సరళరేఖ మీద ఉంటే లంబ సమద్విఖండన రేఖలు సమాంతరమై ఎక్కడా కలవవు. మీ పద్ధతిలో మూడు సమీకరణాలకు సాధన దొరకకపోవడం దీనికి బీజగణిత రూపం.

సమతలం

లంబరేఖ గారు చెప్పినదాన్ని తిరగేస్తే ఎంతో ఉపయోగకరమైన విషయం వస్తుంది. మన స్థానం తెలియదు, కానీ స్థానాలు తెలిసిన మూడు కేంద్రాల నుంచి మన దూరాలు తెలుసుననుకుందాం. కేంద్రాలు (0, 0), (10, 0), (0, 10). దూరాల వర్గాలు వరుసగా 25, 65, 45. మూడు వృత్తాల సమీకరణాలు ఇవి:

ఎక్స్² + వై² = 25
(ఎక్స్ − 10)² + వై² = 65
ఎక్స్² + (వై − 10)² = 45

మూడూ రెండవ తరగతి సమీకరణాలు, చూడగానే భయపెడతాయి. కానీ రెండవదానిలోంచి మొదటిదాన్ని తీసివేయండి: వర్గాలు పూర్తిగా రద్దై −20ఎక్స్ + 100 = 40, అంటే ఎక్స్ = 3. మూడవదానిలోంచి మొదటిదాన్ని తీసివేస్తే −20వై + 100 = 20, అంటే వై = 4. వర్గమూలం అవసరమే రాలేదు. వృత్తాలన్నింటికీ వర్గ పదాలు ఒకటే కావడం వల్ల తీసివేతతో అవి పోయి సరళరేఖ మిగులుతుంది. ఉపగ్రహాల సంకేతాలతో స్థానం కనుగొనే పరికరాలలో వృత్తాలకు బదులు గోళాలు ఉంటాయి. పరికరంలోని గడియారపు తేడా కూడా తెలియని రాశే కనుక కనీసం నాలుగు ఉపగ్రహాలు కావాలి. మౌలికమైన ఆలోచన మాత్రం ఈ దూరాల షరతులే.

తొలిమెట్టు

రెండు వృత్తాలు ఖండించుకుంటే తీసివేతతో వచ్చేది వాటి ఉమ్మడి జ్యా అని అర్థమైంది, ఎందుకంటే రెండు సమీకరణాలనూ తృప్తిపరిచే బిందువు వాటి భేదాన్ని కూడా తృప్తిపరచాలి. కానీ ఎక్స్² + వై² = 1, (ఎక్స్ − 4)² + వై² = 1 అనే వృత్తాలు ఒకదానికొకటి తగలవు. అయినా తీసివేస్తే −8ఎక్స్ + 16 = 0, అంటే ఎక్స్ = 2 అనే రేఖ వస్తోంది. ఈ రేఖ రెండింటిలో దేనినీ తాకడం లేదు. మరి దీని అర్థం ఏమిటి?

బిందుపథం

మీరు (1, 1)తో చేసిన పనే దీనికి జవాబు. ఒక బిందువును వృత్తపు సమీకరణంలో ప్రతిక్షేపిస్తే దాని శక్తి వస్తుంది. రెండు సమీకరణాల భేదం సున్నా అంటే, ఆ బిందువుకు రెండు వృత్తాల దృష్ట్యా శక్తి సమానం అని అర్థం. (2, టి) అనే బిందువు తీసుకుంటే మొదటి వృత్తం దృష్ట్యా 4 + టి² − 1, రెండవదాని దృష్ట్యా కూడా 4 + టి² − 1. అంటే ఎక్స్ = 2 మీద ఏ బిందువు నుంచి గీసినా రెండు వృత్తాలకూ స్పర్శరేఖల పొడవులు సమానం. దీన్ని మూలాక్షం అంటారు. ఖండించుకునే వృత్తాలకు ఉమ్మడి జ్యాను ఇరువైపులా పొడిగిస్తే వచ్చే రేఖ కూడా ఇదే, ఎందుకంటే ఖండన బిందువుల వద్ద రెండు శక్తులూ సున్నాలే. వృత్తాలు ఏకకేంద్రమైతే మాత్రం తీసివేతలో ఎక్స్, వై రెండూ పోతాయి, మూలాక్షం ఉండదు.

పాతపుస్తకం

తొలిమెట్టు గారి సాధన కోసం ఒక పాత సమస్య ఇస్తాను. ఎ అనే బిందువు (0, 0) వద్ద, బి అనే బిందువు (6, 0) వద్ద ఉన్నాయి. ఎ నుంచి ఉన్న దూరం బి నుంచి ఉన్న దూరానికి రెట్టింపు అయ్యేలా కదిలే బిందువు ఏ మార్గంలో కదులుతుంది? క్రీస్తు పూర్వం మూడవ శతాబ్దానికి చెందిన అపొలోనియస్ పేరు మీద ఈ వక్రాన్ని పిలుస్తారు.

తొలిమెట్టు

ప్రయత్నించాను. దూరాల వర్గాలతో రాస్తే ఎక్స్² + వై² = 4[(ఎక్స్ − 6)² + వై²]. విస్తరించి సర్దితే 3ఎక్స్² + 3వై² − 48ఎక్స్ + 144 = 0. లంబరేఖ గారు హెచ్చరించినట్టు ముందుగా 3తో భాగించాను: ఎక్స్² + వై² − 16ఎక్స్ + 48 = 0. వర్గం పూర్తిచేస్తే (ఎక్స్ − 8)² + వై² = 16. ఇది కేంద్రం (8, 0), వ్యాసార్ధం 4 గల వృత్తం. ఎక్స్ అక్షాన్ని 4 వద్ద, 12 వద్ద ఖండిస్తుంది. అక్కడ దూరాలు 4, 2 మరియు 12, 6 కాబట్టి సరిపోయింది. కేంద్రం ఎ వద్ద గాని, బి వద్ద గాని, వాటి నడుమ గాని కాకుండా బి దాటి ఉండడం నేను ఊహించలేదు. రెట్టింపు కాకుండా దూరాలు సమానం అయితే లంబ సమద్విఖండన రేఖ రావాలి కదా, అంటే సరళరేఖ. వృత్తం ఎక్కడ సరళరేఖగా మారుతుంది?

బిందుపథం

నిష్పత్తిని కె అని పెట్టి అదే లెక్కను చేయండి. (1 − కె²)(ఎక్స్² + వై²) + 12కె²·ఎక్స్ − 36కె² = 0 వస్తుంది. కె 1 కంటే పెద్దదైతే కేంద్రం అక్షం మీద 6కె²/(కె² − 1) వద్ద, వ్యాసార్ధం 6కె/(కె² − 1) అవుతాయి. కె = 2కు మీ 8, 4 వస్తాయి. కె = 1.1 పెడితే కేంద్రం సుమారు 34.57 వద్దకు జరుగుతుంది, వ్యాసార్ధం సుమారు 31.43 అవుతుంది. ఇంత పెద్ద వృత్తమైనా ఎ, బిల నడుమ అక్షాన్ని ఖండించేది సుమారు 3.14 వద్దే, అంటే మధ్యబిందువుకు ఎంతో దగ్గరలో. కె 1ని సమీపించేకొద్దీ కేంద్రం, వ్యాసార్ధం రెండూ హద్దు లేకుండా పెరుగుతాయి, మధ్యబిందువు దగ్గర మనకు కనిపించే వంపు తగ్గిపోతూ వస్తుంది. కె సరిగ్గా 1 అయినప్పుడు ఎక్స్² + వై² ముందున్న గుణకం సున్నా అవుతుంది, మిగిలేది 12ఎక్స్ − 36 = 0, అంటే ఎక్స్ = 3. కె 1 కంటే తగ్గితే వృత్తం రేఖకు అవతలి పక్కన, ఎ చుట్టూ ఏర్పడుతుంది. కె = 1/2తో మీరే ఒకసారి చేసి చూడండి; కేంద్రం (−2, 0), వ్యాసార్ధం 4 రావాలి.